ఇరవై మూడో గిన్నె

సింకు నిండా గిన్నెలు, స్క్రీన్ నిండా దయ్యాలు. ఒక చేత సబ్‌టైటిళ్ళు, ఒక చేత సబ్బుగిన్నెలు. ఏలూరులో మా వంటగది గట్టు మీద నా ఉద్యోగం ఇలాగే నడుస్తుంది. విదేశాల అడవి దయ్యాల సినిమాలకు తెలుగు మాటలు రాస్తాను. ఈ ఏడాది ఇది అయిదోది. అయిదింట్లోనూ కథ ఒకటే. బిడ్డను పోగొట్టుకున్న మొగుడూ పెళ్ళాలు మనసు కుదుటపడాలని అడవిలో ఇల్లు తీసుకుంటారు. పక్క ఊరివాళ్ళు తలకు దుప్పికొమ్ములు కట్టుకుని, చెట్లకు గడ్డిబొమ్మలు వేలాడదీసి, ఏవో పూజలు చేస్తుంటారు. పోయిన బిడ్డ గొంతుతో అడవి పిలుస్తుంది. ఎవర్ని? తల్లినే. అడవికి ఎప్పుడూ ఆడవాళ్ళతోనే పని, ఒక్క దీర్ఘమే కదా తేడా! తండ్రి మాత్రం వెనకాల టార్చిలైటు పట్టుకుని తిరుగుతుంటాడు, పాపం, బ్యాటరీ అయిపోయేదాకా.

“క్లైమాక్స్ ఒక్కటే మిగిలిందండీ. ఒక్క లైనేగా, మీరు నవ్వుతూ రాసేస్తారు,” అని పొద్దున్నే ఫోన్ చేశాడు నాకు పని పంపే నిరంజన్.

ఆ ఒక్క లైనూ ఇది. కొమ్ములవాళ్ళ మధ్య రాతిబండ మీద మోకాళ్ళూని తల్లి అంటుంది, తప్పంతా నాదేనని. అనగానే అడవి శాంతిస్తుంది. మొగుణ్ణి వదిలేస్తుంది. ఆమె మంటలోకి నడిచి వెళ్ళిపోతుంది. పొద్దుటి నుంచి ఆ లైను దగ్గర కర్సరు కొట్టుకుంటోంది, దాంతోపాటు నేనూ.

“శ్యామలా, రేపు తీర్థానికి గిన్నెలు తీశావా? ఇరవై మూడు. పేర్లు చూసి సర్దు, ఒక్కటి పోకూడదు.” మా అత్తగారు వెంకటనరసమ్మగారు ముదినేపల్లి నుంచి నిన్ననే దిగారు. ఏడేళ్ళ కిందట ఒకటి పోయినా, ఆవిడ నోట ఆ లెక్క మారలేదు. ఏటా కొల్లేటికోట అమ్మవారి తీర్థంలో అక్కడే వండి నైవేద్యం పెట్టడం వాళ్ళ ఇంటి మొక్కు. ఏడేళ్ళుగా నేను వెళ్ళడం లేదు. ఈసారి ఆడపడుచు పిల్లలు కూడా వస్తున్నారు, వంటకి మనిషి కావాలన్నారు. జనంలో కలిసిపోకుండా మా గిన్నెలన్నిటి మీదా పేర్లు కొట్టించి ఉంటాయి. మా పుట్టింటివాళ్ళు పెట్టిన బిందె మీద కూడా మా ఆయన కనకరాజు పేరే. తోమే చేతిది తప్ప అందరి పేర్లూ ఉన్నాయి వాటి మీద. ఒక్క గ్లాసు మాత్రం నేను పట్టుబట్టి కొట్టించాను. మా పాప పేరు, ‘హర్షిణి’ అని.

ఏడేళ్ళ కిందటి తీర్థంలో పద్నాలుగు మందికి వండాను, వడ్డించాను, తోమాను. పడవెక్కే ముందు రేవు దగ్గర కూర్చుని గిన్నెలు లెక్కపెట్టాను. ఇరవై రెండే వచ్చాయి. అంతకు ముందు ఏడు ఒక గరిటె పోయినందుకు ఆర్నెల్లు మాటలు పడ్డదాన్ని. “నీ గ్లాసేదే? చేతులు కడుక్కున్నచోట వదిలేసుంటావు, వెళ్ళి చూసిరా. బామ్మ చంపుద్ది నన్ను,” అన్నాను. తొమ్మిదేళ్ళది, చెప్పిన మాట వినే పిల్ల. గట్టు మీద చెరువు లీజు గురించి ఫోన్లో మాట్లాడుతున్న మా ఆయనతో, “ఏవండీ, పిల్ల అటెళ్తోంది, చూడండి,” అన్నాను. “ఆఁ, ఆఁ,” అన్నారు. నేను మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాను. కొల్లేట్లో నీళ్ళ మీద పరుచుకున్న గుర్రపుడెక్క పచ్చగా, ఒత్తుగా, అచ్చం నేలలా ఉంటుంది. తను నేలే అనుకుంది.

“తల్లన్నాక కళ్ళు పిల్ల మీదుండాలి,” అన్నారు అత్తగారు. “మా వదినకి జోకులుంటే చాలు కదా,” అంది ఆడపడుచు. మా ఆయన ఏమీ అనలేదు. ఏడేళ్ళుగా ఏమీ అనలేదు, క్షమించేసినవాడిలా. మూడో రోజున ఎవరో ఒకరు తోమాలి కదా అని ఆ గిన్నెలు నేనే ముందేసుకున్నాను. అన్నం గుండిగలో అడుగంటిన మెతుకుల కింద చేతికి తగిలింది. గ్లాసు. సర్దేటప్పుడు ఎవరు పడేశారో, అంతసేపూ అందులోనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. పప్పుల డబ్బా వెనక దాచి, అప్పటి నుంచీ అందరినీ నవ్విస్తూ బతుకుతున్నాను. నవ్వడం ఆపితే అడుగుతారని భయం. దయ్యం అనే మాటలో దయ ఉందని నేనే ఒకసారి జోకేశాను. ఉంది, మాటలోనే.

సినిమాలో ఆ తల్లి చెప్పే మాట అబద్ధం కాదు, నా విషయంలోనూ. గ్లాసు వెతకమని దాన్ని పంపింది నేనే. నా గుండె మండేది ఆమె ఒప్పుకున్నందుకు కాదు. ఆమె ఒప్పుకోగానే సినిమా అయిపోతున్నందుకు. టార్చిలైటు మనిషిని, ఆ రోజు నువ్వెక్కడున్నావని ఒక్క చెట్టయినా అడగదు.

లైను ఉన్నదున్నట్టే రాసి పంపేశాను. చెయ్యి తుడుచుకుని, డబ్బా వెనక నుంచి గ్లాసు తీసి, హాల్లో మా ఆయన ముందు టీపాయ్ మీద పెట్టాను.

“ఇదెక్కడిదీ?” అంటూ ఆయన ముందుకు వంగారు.

“గుండిగలోనే ఉందండీ, ఆ రోజంతా. దీనికోసం దాన్ని నేనే పంపాను. చూడమని మీకు చెప్పాను. మీరు ఆఁ అన్నారు.”

గ్లాసు మీది హర్షిణి పేరు మీద వేలు పెట్టి, ఆయన తీయలేకపోయారు. ఏడేళ్ళలో మొదటిసారి, ఆ మనిషి ఏడుస్తుంటే చూశాను. ఓదార్చడానికి కదలబోయిన నా కాళ్ళని నేనే పట్టి ఆపుకున్నాను.

అత్తగారు గిన్నెల సంచీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. సంచీలోకి చూసి అలవాటైన మాటే అన్నారు. “ఇరవై రెండే ఉన్నాయే, శ్యామలా.”

“ఈసారి లెక్క మీరు చూసుకోండి అత్తయ్యగారూ,” అన్నాను. “వంట మీ అబ్బాయిగారు చూస్తారు. పిల్లలొస్తున్నారు కదా, నేను నీళ్ళ దగ్గర నిలబడతాను.”