ఐదు మిల్లీమీటర్ల సందు

నేను ఒక ఇనుప కమానును. చిన్న ట్రాక్టరు సీటు వెనక రెండు కాళ్ల మీద నిలబడి, తోలేవారి తలకన్నా జానెడు ఎత్తున ఉంటాను. కంపెనీవారు పెట్టిన పేరు రోల్ బార్. ట్రాక్టరు బోల్తా పడితే, నేలకూ తోలేవారి తలకూ మధ్య నేనుండాలి. నా ఉద్యోగం అదొక్కటే; అది కూడా జీవితంలో ఒక్కసారే చేయవలసినది. మిగిలిన కాలమంతా ఊరికే నిలబడి ఉంటాను కనుక మనుషులు నన్ను పనిలేనిదాన్ని అనుకుంటారు. ఈ అభిప్రాయాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

కర్మాగారంలో నా ముందు వరుసలోని కమానును ఒక యంత్రం వంగేదాకా నొక్కింది. ఎంత బరువుకు ఎంత వంగిందో ఒక అమ్మాయి కాగితం మీద రాసుకుంది. మా అందరి తరఫునా ఆ తోబుట్టువు పరీక్ష రాసి ఉత్తీర్ణమైంది. ఆనాటినుంచి నాకు కొంచెం గర్వం. అది నిష్కారణమని ఎవరూ నిరూపించలేదు.

నా మొదటి యజమాని కడపలో తర్కశాస్త్రం బోధించి రిటైరైన లెక్చరరు. జామతోట కోసం ట్రాక్టరు కొని, నా మీద తువ్వాళ్లు ఆరేసేవారు. కొమ్మలు అడ్డమొస్తే వెనక్కి మడవడానికి నా నడుములో కీళ్లున్నాయి. నిటారుగా నిలిపాక కదలకుండా బిగించడానికి రెండు లావుపాటి పిన్నులుండేవి. ఆ రెంటిలో ఒకటి ఆయన గేటుకు గడియగా మారింది. రెండవదానితో బాదంకాయలు కొట్టుకున్నారు. వాటి స్థానంలో చేతికందిన రెండు బోల్టులు దూర్చారు. నా రంధ్రం వ్యాసం పదిహేడు మిల్లీమీటర్లు. బోల్టు పన్నెండు. మిగిలిన ఐదు మిల్లీమీటర్ల సందులో ఒక తర్కశాస్త్ర ఆచార్యుని జీవితకాలపు విద్య మొత్తం సుఖంగా పడుతుంది.

అలా లొడలొడలాడుతూనే నేను అనంతపురం పక్క ఒక చీనీతోటకు, అంటే బత్తాయితోటకు, చేరాను. కొన్నది ఓబులమ్మ. యాభై రెండేళ్ల మనిషి, నాలుగు రోజుల్లో ట్రాక్టరు తోలడం నేర్చింది. ఆమె భర్త కుళ్లాయప్పకు తోలడం రాదు. కనుక ఎలా తోలాలో రోజూ ఆమెకు చెప్పేవాడు. ఆమె మాత్రం సీటు బెల్టు మానకుండా పెట్టుకునేది. ప్రాణభయంతో కాదు, గాలికి కొంగు ఎగరకుండా.

ఇంటినుంచి తోటకు పోయే దారి ఒకచోట వంకలోకి నిలువుగా దిగుతుంది. పక్కన గోడ లేదు, రాళ్లున్నాయి. రోజుకు రెండుసార్లు ఆమె ఆ వాలు దిగుతుంటే, నా బోల్టులు ఎప్పుడు తెగుతాయో అని నేను లెక్కలు వేసుకునేదాన్ని. ఊరివారు మాత్రం నా చప్పుడు విని పొద్దు ఎంతయిందో తెలుసుకునేవారు.

కుళ్లాయప్పకు ఆ చప్పుడు పరువు సమస్య. మెకానిక్ మస్తాన్‌ను పిలిచి ఆపమన్నాడు. మస్తాన్ సైకిల్ ట్యూబు చుట్టాడు. ఆ తరువాత కుళ్లాయప్ప స్వయంగా గోనెపీలికలు, కొబ్బరిపీచు, చివరకు వేపపుల్ల దూర్చాడు. ఆ పుల్లను మర్నాడు లాగి పళ్లు తోముకున్నాడు. అప్పటికి మూడు నెలలు. దసరా వచ్చింది.

ఆయుధపూజ ఉదయం నాకు అరటిపిలకలు కట్టారు, బంతిపూలు చుట్టారు, బెలూన్లు కూడా కట్టారు. నా వంటి గంభీరమైన వస్తువుకు బెలూన్లు. అయినా నిజం చెప్పాలి, నాకు చక్కిలిగింతలు పెట్టినట్టే ఉంది. మస్తాన్ తన పానాలన్నీ తెచ్చి, కడిగి, పీట మీద పేర్చి, ఒక్కొక్కదానికి బొట్టు పెట్టాడు. ఆ రోజు పనిముట్లకు సెలవు. ఎవరూ ముట్టుకోరాదు.

"రేపు గ్యాసుకట్టరు తీసకరా మస్తానూ," అన్నాడు కుళ్లాయప్ప. "ఈ కమాను కోసిపారేద్దాం. ఊరంతా నగతాండారు."

"అదేంటికి కోసేది?" అంది ఓబులమ్మ. "బోల్ట్ సన్నగుంది, లావుది ఏస్తే సరిపాయె. లావు బోల్ట్‌లు లేవా మస్తానూ?"

"ఉండాయి వదినా. మూణ్ణెల్ల నుంచి పెట్టెలోనే ఉండాయి."

"మరి యాల ఏయలేదు?"

"అన్న సప్పుడు ఆపమనె గాని, బోల్ట్ ఎయ్యమన్లేదు కదా."

ఈ వాక్యం విన్నప్పుడు నా మీది బెలూను ఒకటి పగిలింది. ఎండకే అయివుండవచ్చు.

పూజ ముగిశాక ట్రాక్టరును ఊరు చుట్టూ ఒక తిప్పు తిప్పాలి. ఆ తిప్పు వంక వాలు మీదుగానే. ఓబులమ్మ పీట దగ్గరకు వెళ్లి, బొట్టుతో ఉన్న పానా తీసుకుంది.

"వదినా, ఈ పొద్దు ముట్టగూడదు," అన్నాడు మస్తాన్, రెండు చేతులూ అడ్డం పెట్టి.

"ఏం మే, అపచారం గాదా?" అన్నాడు కుళ్లాయప్ప.

"పూజ చేసింది దేనికప్పా, పని చేయాలనే గదా. పనిజెప్తే దానికి కోపమొచ్చేట్టయితే రేప్పొద్దున కూడా ముట్టగాకండి. ఏయ్ మస్తానూ, ఆ బోల్ట్‌లు ఇట్లియ్యి."

పాత బోల్టులు రాలిపోయాయి. కొత్తవి, పదహారు మిల్లీమీటర్లవి, కుంకుమ అంటిన పానాతో బిగుసుకున్నాయి. కింద వాషరు, దాని మీద నట్టు, నట్టు జారకుండా చీలపిన్ను. ఏళ్ల తరువాత నా రెండు కాళ్లూ నావయ్యాయి. ఇంజను మొదలైంది, నేను ఒక్క మాటా మాట్లాడలేదు. కుళ్లాయప్ప అనుమానంగా చెవి పెట్టి విన్నాడు. "బండి నడుస్తాందా, లేదా?" అన్నాడు.

మడ్‌గార్డుల మీద ఎక్కబోయిన బంధువులను ఓబులమ్మ దింపేసింది. "సీటు ఒగటే. నేను ఒగదాన్నే." బెల్టు పెట్టుకుంది. కుళ్లాయప్ప గుమ్మడికాయ ఎత్తుకుని ముందు నడిచాడు. దిష్టి గట్టిగా పోవాలంటే ఎక్కడ కొట్టాలి? సరిగ్గా వాలు మొదలయ్యే చోట. సంపూర్ణ భక్తితో కొట్టాడు. గుజ్జు, గింజలు, కుంకుమనీళ్లు దారి పొడవునా పరుచుకున్నాయి. పెద్దచక్రం వాటి మీదికి వచ్చి, జారి, అంచు దాటింది.

ఆకాశం కిందికి వెళ్లింది. అరటిపిలకలు నలిగాయి, బెలూన్లన్నీ ఒకేసారి పేలాయి. నా భుజం వంకలోని రాతికి తగిలింది. నాలుగు అంగుళాలు వంగాను. అంతకు మించి వంగలేదు. బోల్టులు కదలలేదు. కర్మాగారంలోని ఆ అమ్మాయి ఉంటే రాసుకునేది.

దుమ్ము లేచింది. ముందుగా వినబడింది బెల్టుకు వేలాడుతున్న ఓబులమ్మ గొంతే.

"ఇంజను ఆపండప్పా. డీజిల్ కారిపోతాంది."

కుళ్లాయప్ప మోకాళ్ల మీద పాకుతూ వచ్చాడు. ఆమె తలకూ ఇసుకకూ మధ్య ఉన్న ఖాళీలో మోచేతిదాకా తన చేయి పెట్టి చూశాడు. పట్టింది. ఆ చేతిని చాలాసేపు తీయలేదు.

"సెయ్యి అడ్డం తియ్యి," అంది ఆమె. "నా కొంగు ఇరుక్కుండాది."

మస్తాన్ నన్ను తడిమి చూసి చెప్పాడు: "ఒగసారి వంగినంక ఇది మళ్లా పనికి రాదు వదినా. కొత్తది ఏయల్ల."

అతడు చెప్పిన మాటల్లో నేను పూర్తిగా అంగీకరించిన మొదటి మాట అది. నా ఉద్యోగం అయిపోయింది.

ఇప్పుడు నేను పెరట్లో ఉన్నాను. నా మీద బీరపాదు అల్లుకుంది. కాయలు సన్నగా వేలాడుతూ నా నడుము తాకుతుంటాయి. చక్కిలిగింతలు ఇంకా పోలేదు. ఈ దసరాకు కుళ్లాయప్ప పాదు తొలగించుకుని లోపలికి వచ్చి, వంగిన చోట నాకు మొదటి బొట్టు పెట్టాడు. ఈసారి గుమ్మడికాయను ఇంటి గేటు లోపలే కొట్టి, ముక్కలన్నీ తానే ఊడ్చాడు.

తరువాత పీట మీదినుంచి పానా తీసి, ఎవరూ అడగకుండానే, ట్రాక్టరు మీది కొత్త కమాను బోల్టులు ఒకటి తరువాత ఒకటి బిగించి చూశాడు. అవి బిగువుగానే ఉన్నాయి. పానాను తుడిచి మళ్లీ పీట మీద పెట్టి, దండం పెట్టుకున్నాడు.