కుందేలు వంతు

పదకొండేళ్లుగా ఎలుగుబంటి వేషం నాది, కుందేలు వేషం మా ఆవిడది. నేను వేదిక మధ్యలో పడుకుంటాను. ఆవిడ చుట్టూ గెంతుతూ, ఎదురుగా చాపల మీద కూర్చున్న పిల్లలచేత "లే! లే! లే!" అని అరిపిస్తుంది. మూడో అరుపుకి నేను లేస్తాను. పిల్లలు అరవకపోతే నాటకం ఒక్కడుగు కూడా ముందుకు సాగదు.

పడుకోవడమేగా అని తేలిగ్గా తీసెయ్యకండి. ఆ బొచ్చు తొడుగులో పది నిమిషాలుంటే తల ప్రాణం తోకకొస్తుంది. నా అలసట గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూనే ఉంటాను.

ఆ రోజు పొద్దున ఆటకి ముందు మా ఆవిడ చెవుల టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా చిన్నదానికి మూడు రోజులుగా జ్వరం. మూడు రాత్రులూ మేలుకున్నది ఆవిడే.

"ఏవండీ, ఈ ఒక్క ఆటకి నేను ఎలుగుబంటి వేస్తాను, మీరు గెంతండి. ఇవాళ నావల్ల కావట్లేదు."

"నా పొట్టకి ఆ కుందేలు తొడుగు పడుతుందా? అయినా నాకు మాత్రం ఓపిక ఎక్కడేడిసింది?" అన్నాను.

ఆవిడ లేచి టోపీ పెట్టుకుంది.

ఆట మొదలైంది. "లే!" అని రెండుసార్లు వినబడింది. మూడోది వినబడలేదు. నిజంగానే నిద్రపోయాను.

కళ్లు తెరిచేసరికి హాలంతా నిశ్శబ్దం. పిల్లలందరూ పెదవుల మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు. నా గురక విని ముందు వరసలో ఒక పిల్ల "పాపం ఎలుగుబంటి అలిసిపోయింది, లేపొద్దు" అందట. ఆ తర్వాత మా ఆవిడ ఎంత బతిమాలినా ఒక్కరూ నోరు విప్పలేదట. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నా బాధ తెలిసినవాళ్లు ఇన్నాళ్లకి దొరికారని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

ఒళ్లు విరుచుకుని, నా డైలాగు అందుకున్నాను. "ఎవర్రా నన్ను లేపింది?"

"ఎవరూ లేపలేదు," అంది ఆ పిల్ల. "నువ్వే లేచావ్. నిద్ర సరిపోయిందా?"

"సరిపోయిందమ్మా."

"అయితే జరుగు. ఇప్పుడు కుందేలు పడుకోవాలి. ఎప్పట్నుంచో గెంతుతోంది."

నవ్వబోయి ఆవిడ వంక చూశాను. అట్టతో చేసిన చెట్టు పట్టుకుని నిలబడి ఉంది. రంగు కింద కళ్లు గుంటలు పడ్డాయి. ఇన్నేళ్లలో ఆవిడ గెంతడం నేను సరిగ్గా చూసిందే లేదు. ఆ సేపంతా నా కళ్లు మూసుకునే ఉంటాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

"పడుకో," అన్నాను మెల్లగా.

"మరి నాటకం?"

"నేను చూసుకుంటాలే."

నేను లేచిన చోటే ముడుచుకుని పడుకుంది. నిమిషంలో నిద్ర పట్టేసింది. నాకు గెంతడం చేతకాదు. అయినా చప్పుడు కాకుండా, మునివేళ్ల మీద, ఆయాసపడుతూ చివరిదాకా గెంతాను. పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు.

ఆట అయిపోయాక పిల్లల టీచరు చప్పట్లు కొట్టబోతే, ఆ పిల్ల లేచి వెళ్లి టీచరు చేతులు రెండూ పట్టేసుకుంది.