చుక్క తర్వాత తొమ్మిది

నాలుగో స్థానమంత దిక్కుమాలిన స్థానం లోకంలో ఇంకొకటి లేదు. మొదటి ముగ్గురినే జిల్లా జట్టులోకి తీసుకుంటామన్న ఈతపోటీలో చెల్లెలు సరిగ్గా అక్కడే ఆగిపోయింది. చేపపిల్ల అని అందరూ ముద్దుగా పిలిచే పిల్ల, నెత్తిన తువ్వాలు కప్పుకుని గోడవారగా కూలబడింది. ఎవరు పిలిచినా పలకడం లేదు.

అక్కకు లేచి వెళ్లి ఓదార్చే వీలు కూడా లేదు. ఫలితాల బల్ల దగ్గర కూర్చున్నది తనే, ఆ జాబితా వేసిన ప్రోగ్రాం రాసిందీ తనే. పిల్లల్ని రెండు గుంపులు చేసి, పెద్ద కొలనులోనూ చిన్న కొలనులోనూ ఒకేసారి ఈదిస్తున్నారు. రెండుచోట్లా మెషిన్లు పంపే టైమును చదువుకుని, ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చి బోర్డు మీద చూపించడం దాని పని.

"ఆ పెట్టెకి కళ్లేమైనా పోయాయా? నా పిల్ల బాణంలా దూసుకుపోయింది కదే!" పక్కనే నిలబడి దులిపేస్తోంది అమ్మ.

"అమ్మా, కాసేపు ఊరుకుంటావా, నీకు దండం పెడతాను!"

మూడో స్థానం చిన్న కొలనులో ఈదిన ఎర్రటోపీ పిల్లది. బోర్డు మీద ఆమె టైము 58.09 సెకన్లు. చెల్లెలిది 58.45. ఓటమి ఓటమే, కాదనడానికి లేదు. అయినా మనసు ఊరుకోక, చిన్న కొలను మెషిన్ పంపిన అసలు టైమును తెరిచి చూసింది అక్క. అక్కడ 58.9 అని ఉంది. మరి మధ్యలో ఆ సున్నా ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

ఆ మెషిన్ పొద్దుట్నుంచి పంపినవన్నీ గబగబా తిరగేసింది, ఒక్కదాని చివరా సున్నా లేదు. చివర సున్నా వస్తే ఆ పాత మెషిన్ దాన్ని మింగేసి పంపుతోంది. 58.90 కాస్తా 58.9 అయి వచ్చింది. తన ప్రోగ్రాం చుక్క దగ్గర విరగ్గొట్టి, కుడివైపు ముక్కను ఉత్త తొమ్మిదిగా చదువుకుని, ముందొక సున్నా తగిలించి 09గా చూపించింది. తొంభై కాస్తా ఉత్త తొమ్మిదైపోతే నలభై అయిదు కంటే ముందుకు రాదూ!

"దొరికింది! అమ్మా, దొరికిందే!" కుర్చీ వెనక్కి పడిపోయినా చూసుకోకుండా పరుగెత్తింది.

మెడలో ఎప్పుడూ ఈలతో తిరిగే ఈల మాస్టారు అప్పుడే పైవాళ్లకు జట్టు పేర్లు చెప్పడానికి ఫోను చేతిలోకి తీసుకున్నారు. పోటీలకు పెద్ద జడ్జి ఆయనే. ఆ ఫోను వెళ్లిందంటే ఇక అంతే సంగతులు. అక్క అడ్డం నిలబడి, ఆయాసపడుతూ, సగం మాటలు మింగుతూ చెప్పేసింది.

"ఆగమ్మా. ఓడిపోయింది నీ చెల్లెలు. ప్రోగ్రాం నీది. అందులో తప్పుందనేదీ నువ్వే. నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరూ?"

"మెషిన్ పంపింది చూడండి సార్!"

"అదీ నీ కంప్యూటర్లోనేగా."

చిన్న కొలను మెషిన్ ఎప్పుడో తర్వాతి పోటీలోకి వెళ్లిపోయింది, అక్కడ చూపించడానికి ఏమీ మిగల్లేదు. అక్కకు కోపం తన్నుకొచ్చింది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు, అందుకే ఇంకా ఒళ్లు మండింది.

చుట్టూ గుంపు చేరింది. దాన్ని తోసుకుంటూ ఎర్రటోపీ పిల్ల ముందుకొచ్చింది.

"సార్, మా నాన్న వాచీలో కూడా యాభై తొమ్మిదికి కాస్తే తక్కువ వచ్చింది. బోర్డు చూసి, వాచీ పాడైందనుకున్నాం. నేనెప్పుడూ అంత వేగంగా ఈదలేదు సార్. ఈ అక్క చెప్పేదే నిజం."

మాస్టారు ఫోను జేబులో పెట్టేశారు.

"దిద్దమ్మా. ఇదొక్కటే కాదు, పొద్దుట్నుంచి జరిగినవన్నీ మళ్లీ చదివించు."

అక్క బల్ల దగ్గరికి పరుగెత్తింది. చుక్క తర్వాత ఒక్క అంకే ఉంటే పక్కన సున్నా చేర్చుకోమని రాసి నొక్కింది. బోర్డు ఒక్క క్షణం ఖాళీ అయి మళ్లీ వెలిగింది. మూడో స్థానంలో చెల్లెలు!

అమ్మ అరిచిన అరుపుకు కొలనులో పిల్లలు ఈత ఆపేశారు. చెల్లెలు తువ్వాలు విసిరేసి, ఒక్క గెంతులో వచ్చి అక్కను కావలించుకుంది. బట్టలన్నీ తడిసి ముద్దయినా అక్క వదల్లేదు. ఆనందం పట్టలేక ఇద్దరూ ఏడుస్తూ నవ్వారు.

చెల్లెలి భుజం మీదుగా చూస్తే, ఎర్రటోపీ పిల్ల ఇంకా బోర్డు ముందే నిలబడి ఉంది. అక్క నెమ్మదిగా దగ్గరికెళ్లింది.

"తప్పంతా నాదేనమ్మా. నీకేం చెప్పాలో తెలియట్లేదు."

"నాకేం చెప్పక్కర్లేదక్కా," అంటూ ఆ పిల్ల సంచిలోంచి తన ఫోను తీసింది. "జట్టులోకి వచ్చేశానని ఇందాక మావాళ్లందరికీ చెప్పేశాను. ఇప్పుడు కాదని నేను చెప్పలేను. మీరే చెప్పండి. ముందు మా అమ్మమ్మకి."

అక్క ఫోను అందుకుంది.