కూజా మీది వర్దక్

హమదాన్ పట్నపు వెండిపనివాళ్ళ వీధిలో దేనకకు ఏడవని తల్లి అని పేరు. కూతురు వర్దక్ జ్వరంతో పోయిననాడు కూడా కంట తడి పెట్టలేదు మరి. పోయినవాళ్ళ కోసం ఏడిస్తే ఆ కన్నీళ్ళన్నీ పైలోకంలో నదై వాళ్ళ దారికి అడ్డం పడతాయని, నిప్పును కొలిచే ఆ వీధివాళ్ళ నమ్మకం. పిల్లకు ఈత రాదు. ఆ తల్లి ఎలా ఏడుస్తుంది?

ఏడవలేదు గాని, ఏటా శరత్కాలపు పండుగకు కోటకు వెళ్ళేది, దొరగారి ద్రాక్షసారా కూజాను చూడడానికి. వెండి కూజా అది. దాని మీద ద్రాక్షతీగల నడుమ ఆడే నాట్యకత్తెల్లో ఒకతెకు ఆమె మొగుడు బుర్జక్ కూతురి ముఖమే చెక్కాడు, పిల్ల బతికుండగానే. అదే మూతి విరుపు, అదే సొట్టబుగ్గ. గుంపులో నిలబడి కళ్ళారా చూసుకుని, ఇంటికొచ్చి రొట్టెలు కాల్చుకునేది.

ఆ ఏడు యుద్ధం వచ్చింది. నాణేలకు వెండి చాలక, దొర తన పాత్రలన్నీ కరిగించమని బుర్జక్‌కే పంపాడు. మూట విప్పగానే కూజా బయటపడింది.

దేనక చేతి వెండికడియం తీసి మొగుడి ఒళ్ళో పెట్టింది. పిల్ల పెద్దదయ్యాక వేద్దామని దాచి, ఆ తర్వాత తానే తొడుక్కున్న కడియం అది.

"ముఖం ఒక్కటీ కోసి ఇయ్యవయ్యా. తూకానికి ఇది వేసెయ్."

"నా చేతులు చూసే అంటున్నావుటే?"

బంగారుపూత కోసం పాదరసం కాచి కాచి, ఆ పొగ పీల్చి అతనికి ఏనాడో వణుకు పట్టుకుంది. కూజా మీద పిల్ల జడకు పూసిన బంగారమూ ఆ పొగలోదే.

"తెలియదా నాకు? తాగే గంజిలో సగం నీ గడ్డమే తాగుతుంది. అయినా నువ్వు చెక్కిన ముఖమేగా, దారి నీ చేతికే తెలుసు."

ఆమె కూజాను కదలకుండా పట్టుకుంది. అతను ఉలి ఆనించాడు. చెవి పక్కగా బాగానే సాగింది, గడ్డం కిందా సాగింది. బుగ్గ దగ్గర చేయి అదిరింది. కంటి నుంచి పెదవి దాకా వెండి చీలిపోయింది.

అతను ఉలి పక్కన పెట్టి, కడియం తిరిగి ఇవ్వబోయాడు. ఆమె అందుకుని, కూజా ముక్కలతో పాటు వెండి కరిగించే మూసలో వేసేసింది.

"దొర సొమ్ములో కలిసిపోతుందే."

"కలవనీ. పిల్ల బోసిచేతులతో పోతుందా?"

కొలిమి తిత్తి దగ్గర కూర్చుంది. నిప్పు మీద చుక్క పడితే పాపమని ముఖం పక్కకు తిప్పుకుని నొక్కసాగింది. కాసేపటికి భుజం మీది గుడ్డ తడిసిపోయింది. బుర్జక్ చూశాడు. నది మాట ఎత్తలేదు.