నీలం పట్టీ కట్టిన చెయ్యి

మహేందర్ రోజూ నాలుగున్నరకు లేస్తాడు. అలారం పెట్టుకోడు. అలారం పెట్టుకునేవాడికి తన మాట మీద తనకే నమ్మకం లేదని అతని అభిప్రాయం. లేచి వంద బస్కీలు, యాభై దండీలు తీస్తాడు. చలికాలమైనా చన్నీళ్లే పోసుకుంటాడు. తరువాత ముందుగదిలో మూలనున్న పాత టీవీలోంచి బయటికి చాచి ఉన్న చేతి వేళ్లను తాకి, కళ్లకద్దుకుని, దిల్‌సుఖ్‌నగర్ కూలీల అడ్డాకు బయల్దేరతాడు.

ఆ చెయ్యి పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది నుంచి అక్కడే ఉంది. అప్పుడు మహేందర్‌కు పదమూడేళ్లు. సరూర్‌నగర్‌లో కేబుల్ నడిపే మట్టయ్య ఒక జోడీ కుస్తీని రికార్డు చేసి ఇచ్చాడు. ఆ క్యాసెట్‌ను కిరాయి వీసీఆర్‌లో పెట్టుకుని చూస్తున్నారు. ఆట మంచి పట్టులో ఉండగా కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి బొమ్మ లేదు గానీ, మోచేతి దాకా ఒక చెయ్యి అద్దం దాటి బయటికి వచ్చి ఉంది.

మహేందర్ తల్లి పెంటమ్మ చూసి, "తలుపుకు అడ్డమొస్తది, టీవీని జర గోడకు జరుపుండ్రి" అన్నది. మట్టయ్యను పిలిస్తే అతను అటూ ఇటూ తట్టి, కొన్ని కంపెనీల టీవీలు గట్లనే చేస్తయన్నాడు. మర్నాడు పెంటమ్మ ఆ మణికట్టుకు కూరగాయల సంచి తగిలించింది. ఆమె పోయాక కోడలు సంతోషి తగిలిస్తోంది. శుక్రవారం ఇల్లు కడిగినప్పుడు ఆ చేతిని కూడా తడిబట్టతో తుడుస్తుంది. గోళ్లు పెరిగితే తీస్తుంది. గోడకు కొత్త టీవీ వచ్చినా, సంచికి చోటు కావాలి గనుక పాతదాన్ని ఎవరూ పారెయ్యలేదు.

ఆ చెయ్యి గస్‌ది అని ఇంట్లో అందరికీ తెలుసు. హార్బర్ బాయ్స్ అనే జోడీలో పెద్దవాడు గ్రానైట్ గస్. రెండోవాడు స్లిమ్ జెస్సీ. జోడీ కుస్తీలో జట్టుకు ఒక్కడే రింగు లోపల ఉండాలి. రెండోవాడు తాళ్ల బయట, మూలన నిలబడాలి. లోపలివాడు అలిసిపోతే మూలకు వచ్చి బయటివాడి అరచెయ్యి చరచాలి. అప్పుడు వాడు లోపలికి, వీడు బయటికి. జెస్సీ ఎప్పుడూ లోపలుండి దెబ్బలు తినేవాడు. చివర్లో గస్ వచ్చి నాలుగు గుద్దులు గుద్ది గెలిపించేవాడు. పిల్లలు ఆడుకునే కుస్తీ కార్డుల్లో గస్‌ది మూడో ర్యాంకు, జెస్సీది ముప్పై ఒకటి. జెస్సీ కార్డు చేతికొస్తే ఎవడైనా మొహం మాడ్చుకోవలసిందే.

బస్తీలో మహేందర్ గస్. పక్కింటి జగన్ జెస్సీ. ఇద్దరి కుటుంబాలూ నల్లగొండ దిక్కు ఒకే ఊరి నుంచి వచ్చినవి. ఎవరు ఎవరని వాళ్లు ఎన్నడూ పంచుకోలేదు. మహేందర్ నేను గస్ అన్నాడు, జగన్ సరే అన్నాడు.

పెద్దయ్యాక ఇద్దరూ ఇళ్ల సామాన్లు మార్చే పనిలో దిగారు. లిఫ్టులో పట్టని బీరువాను మెట్ల మీదుగా ఎక్కించాలంటే ఒకడు పైన, ఒకడు కింద ఉండాలి. పైవాడు పట్టుకుని దారి చెబుతాడు. కిందివాడు మోస్తాడు. బరువులో ముప్పాతిక కిందివాడిదే. కానీ ఇంటివాళ్లకు కనబడేది పైవాడి మొహం, వినబడేది పైవాడి గొంతు. అందుకని అందరూ మహేందర్‌ను మేస్త్రీ అంటారు. కింద ఉండే జగన్‌ను ఏమీ అనరు.

ఆ శనివారం వనస్థలిపురం నుంచి పట్టాభిగారి సామాను ఎల్‌బీ నగర్‌లో మూడో అంతస్తుకు చేర్చాలి. బీరువా ఆయన భార్య హనుమాయమ్మ పెళ్లినాటిది, పాతకాలపు ఇనుము. జగన్ మెట్ల మలుపు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ దాన్ని కిందికి దించాడు. రెండో మలుపు దగ్గర దించి, అరచెయ్యి పైకి చాచాడు. మహేందర్ ఆ చేతిలో నీళ్ల సీసా పెట్టాడు. జగన్ సీసా వంక ఒక్క క్షణం చూశాడు. రెండు గుక్కలు తాగి మళ్లీ వంగాడు. మూడో మలుపులో బీరువా జారి, దాని మూల గోడకు కొట్టుకుంది.

"అయ్యో అయ్యో, నా బీరువా! ఇన్నేళ్లలో గీత పడలేదండీ దాని మీద!" అంది హనుమాయమ్మ.

"పోనీలేవే, మనిషికి తగల్లేదు, అదే పదివేలు" అన్నాడు పట్టాభి. "ఏవయ్యా జగనూ, కాసేపు కూర్చోవయ్యా."

"వీనికి ఈ మధ్య పని మీద ధ్యాస ఉంటలేదు సార్" అన్నాడు మహేందర్.

జగన్ నడుము పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

పోయేముందు పట్టాభి ఒక పాత వీసీఆర్ తెచ్చి మహేందర్ చేతిలో పెట్టాడు. "మా ఆవిడ పారేయమంటోందయ్యా. నిక్షేపంలా ఆడుతుంది. పట్టుకెళ్లు."

ట్రాలీ ఆటోలో తిరిగి వస్తుంటే మహేందర్ ఉండబట్టలేక అడిగాడు. "ఏందిరా, ముసలోనివైతున్నవా?"

"నడుము పట్టిందిరా."

"నడుము గాదు, బద్దకం. పొద్దున లేసి బస్కీలు తియ్యమంటే తీస్తవా?"

"నువ్వు తియ్యిరా" అని నవ్వాడు జగన్. "నాతోని దినమంత బీరువనే తీపిస్తది."

మహేందర్ నవ్వలేదు. పనిలో నవ్వులాట అతనికి నచ్చదు. ఆ సాయంత్రమే కర్మాన్‌ఘాట్‌లో ఇదే పని చేసే లచ్చయ్యతో ఫోన్‌లో మాట్లాడి, మంగళవారం నుంచి తనతో రమ్మన్నాడు. సోమవారం పని అయ్యాక జగన్‌కు ఇక రావద్దని చెప్పాలనుకున్నాడు.

"ఇన్నేండ్ల దోస్తు" అంది సంతోషి, బియ్యం ఏరుతూ. "ఏమైందని అడిగినవా ఒక్కసారన్న?"

"పనికి దోస్తానకు సంబంధం లేదు."

"నీకు దేనికి దేనితోని సంబంధం ఉంటది గనక" అని ఆమె చాట ఎత్తుకుని లోపలికి పోయింది.

ఆదివారం అన్నం తిన్నాక మహేందర్ సజ్జ మీది నుంచి క్యాసెట్ దించాడు. వీసీఆర్‌ను పాత టీవీకి తగిలించాడు. బయట ఎండ మసక మసకగా ఉంది. కిటికీ పరదా గాలికి నిండుతోంది, ఖాళీ అవుతోంది. తెర మీద కాసేపు బూడిద రంగు వాన కురిసింది. ఆ వానలోంచి మెల్లగా రింగు, తాళ్లు, జనం తేలారు. బయట ఉన్న చెయ్యి బయటే ఉంది. బొమ్మ దాని చుట్టూ నీళ్లలా సర్దుకుని ఆడసాగింది.

మొదటిసారి పదమూడేళ్ల పిల్లవాడిలాగే చూశాడు. గస్ మూలన నిలబడి చప్పట్లు కొడితే తనూ చప్పట్లు కొట్టాడు. కరెంటు పోయిన రోజున టేపు నలిగింది. ఆ చోటికి రాగానే బొమ్మ ఆగిపోయింది. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు.

రెండోసారి అతనికి ఆట వేరేగా కనబడింది. ఈ కుస్తీలన్నీ నాటకమనీ, ఎవడు గెలవాలో ముందే మాట్లాడుకుంటారనీ ఇప్పుడు బడికి పోయే పిల్లలకు కూడా తెలుసు. మహేందర్‌కూ తెలుసు. కానీ బరువుల మధ్య బతికినవాడికి ఇంకొకటి కూడా తెలుస్తుంది. గెలవడం నాటకం కావచ్చు. పడటం నాటకం కాదు. చెక్క మీద వీపు పడితే పడినట్టే. గోడ గడియారం చూసి లెక్కపెట్టాడు. టేపు ఆగేదాకా పద్నాలుగు నిమిషాల ఆటలో గస్ లోపలున్నది మొదటి రెండు నిమిషాలే. మిగతా పన్నెండూ జెస్సీవే.

ఇంకో సంగతి కూడా ఉంది. జెస్సీ రెండుసార్లు మూల దాకా పాకి వచ్చాడు. రెండుసార్లూ గస్ చెయ్యి అందేంత దగ్గరికి వచ్చి, చరచకుండా వెనక్కి తిరిగి దెబ్బల్లోకే పోయాడు. చిన్నప్పుడు జెస్సీని తెలివిలేనివాడని నవ్వుకున్నది ఇక్కడే. మహేందర్ మూడోసారి తిప్పి, జెస్సీ కళ్లు ఎటు చూస్తున్నాయో చూశాడు. అవి గస్ మోకాలి మీద ఉన్నాయి. గస్ మోకాలికి గుడ్డ కట్టు ఉంది. ఒంటికాలి మీద బరువు వేసి, తాడు పట్టుకుని నిలబడ్డాడు. జెస్సీ ఆ కట్టును చూసి వెనక్కి పోతున్నాడు.

చివరికి ఇక పాకలేక పడిపోయి, పడినచోటి నుంచే చెయ్యి చాచాడు. అప్పుడు గస్ అటు తిరిగి జనానికి కండలు చూపిస్తున్నాడు. బొమ్మ అక్కడే ఆగింది.

తెరలోని జెస్సీ భుజం అద్దం దాకా వచ్చి, బయట ఉన్న మోచేతితో కలిసింది. మహేందర్ లేచి దగ్గరికి పోయాడు. మణికట్టు మీది సంచి తీసి కింద పెట్టాడు. సంచి పట్టీల కింద, వెలిసిపోయిన నీలం గుడ్డ పట్టీ ఒకటి కట్టి ఉంది. తెరలో జెస్సీ రెండో చేతికి కూడా అదే పట్టీ. గస్ చేతులకు ఏమీ లేవు.

"సంతోషీ, ఈ నీలం పట్టీ ఎప్పటినుంచి ఉంది?"

"నేనొచ్చినప్పటికెల్లి ఉంది" అంది ఆమె వంటింట్లోంచి.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వెప్పుడన్న తుడిసినవా దాన్ని?"

మహేందర్ ఆ పట్టీ మీద వేలు పెట్టాడు. ఎక్కడో మెట్ల మీద చప్పట్లు వినబడినట్టయింది. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక అంతస్తు తను కింద, ఒక అంతస్తు జగన్ కింద. ప్రతి మలుపు దగ్గరా అరచెయ్యి చరిచి "చేంజ్!" అని అరిచేవాళ్లు. ఇంటివాళ్లు పిచ్చివాళ్లనుకునేవాళ్లు. పన్నెండేళ్ల కింద తనకు హెర్నియా ఆపరేషన్ అయింది. దవాఖానలో ఆరు నెలలు బరువు ఎత్తవద్దన్నారు. "నేను మోస్త తియ్యి" అన్నాడు జగన్. ఆరు నెలలు గడిచాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తవలసింది తను. తను మర్చిపోయాడు. బస్కీలు మర్చిపోలేదు, చన్నీళ్లు మర్చిపోలేదు, ఇది మర్చిపోయాడు. తనకు పనికొచ్చే మరుపును మనిషి మరుపని కూడా అనుకోడు.

నిన్న రెండో మలుపు దగ్గర జగన్ చెయ్యి చాచాడు. ఆ చేతిలో తను నీళ్ల సీసా పెట్టాడు.

మహేందర్ తన చెయ్యి ఎత్తి, టీవీలోంచి చాచి ఉన్న ఆ అరచేతిని చరిచాడు.

పెద్ద చప్పుడేం కాలేదు. గడియారం నాలుగు చూపిస్తోంది. అతని భుజాల మీదికి ఏదో బరువు దిగింది. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. నలిగిన టేపు దానంతట అదే రెండు నిమిషాలు ముందుకు నడిచింది. చెయ్యి మెల్లగా లోపలికి పోయింది. జెస్సీ తాళ్ల కింది నుంచి దొర్లి, రింగు అంచున వెల్లకిలా పడుకుని, పైనున్న దీపాలను చూస్తూ ఊపిరి తీసుకున్నాడు. తరువాత మళ్లీ బూడిద రంగు వాన.

సంతోషి చాయ్ తెచ్చి ఇచ్చింది. నున్నగా ఉన్న అద్దం వంక చూసింది.

"ఇగ సంచి యాడ పెట్టాలె?"

"మేకు కొడత" అన్నాడు మహేందర్.

చాయ్ తాగి లచ్చయ్యకు ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. ఎందుకని లచ్చయ్య అడిగితే, తప్పు తనదని చెప్పాడు.

సోమవారం జగన్ అడ్డాకు ఆలస్యంగా వచ్చాడు. నిటారుగా నడుస్తూ వచ్చాడు. మహేందర్ పక్కన గద్దె మీద కూర్చుని అన్నాడు.

"నిన్న ఊరికి పోదామనుకున్నరా. సంచి గుడ సర్దిన. నాతోని నీకు అయితలేదని నాకు ఎరుకే. నువ్వు చెప్పక ముందే నేనే పోతే మంచిదనుకున్న. ఎల్‌బీ నగర్ల బస్సు కోసం నిలబడ్డ. నాలుగైంది. నడుము మీదికెల్లి ఎవడో బీరువ దించినట్టాయె. గట్లనే నిలబడ్డ. బస్సొచ్చింది, పోయింది. నేను ఎక్కలే."

"నాలుగింటికా?"

"ఆ, నాలుగింటికే. ఎందుకు?"

"ఏం లేదు. పా, టీచరమ్మ ఎదురు చూస్తుంటది."

ఉదయలక్ష్మి టీచర్ ఇల్లు మెట్రో దగ్గర, నాలుగో అంతస్తు. బీరువాను మొదటి మెట్టు దగ్గర నిలబెట్టగానే జగన్ అలవాటుగా కిందికి పోయి వంగాడు.

"నువ్వు పైకి పో" అన్నాడు మహేందర్.

జగన్ వంగినవాడు వంగినట్టే తల ఎత్తాడు. "మరి నీ కుట్లు?"

"ఏం కుట్లురా?"

"ఆపరేషన్ కుట్లు. బరువెత్తొద్దన్నరు గద."

"అది ఆరు నెలలేరా. పన్నెండేండ్లాయె."

"నువ్వు చెప్పలే గద" అన్నాడు జగన్, చాలా మామూలుగా.

మహేందర్ జగన్‌ను పక్కకు జరిపాడు. నాలుగంతస్తులూ తనే మోయాలని నిశ్చయించుకుని బీరువా కిందికి దూరాడు. ఇనుము వీపు మీద ఆనింది. పైనుంచి జగన్ గొంతు వినబడసాగింది.

"ఎడమకు... అరే కాదు, కుడికి. ఆగురా, నాకు దారి తెల్వదు. ఇన్నేండ్లు దీని అడుగే చూసిన గని!"

"మెల్లగా మేస్త్రీ గారూ, గోడ జాగ్రత్త!" అంది ఉదయలక్ష్మి పైమెట్ల మీది నుంచి. జగన్ ఆమె ఎవరిని పిలుస్తోందా అని వెనక్కి తిరిగి చూశాడు.

మొదటి మలుపు దగ్గర మహేందర్ ఆగలేదు. రెండో మలుపుకు వచ్చేసరికి అడుగు పైకి పడలేదు. వంద బస్కీలు, యాభై దండీలు ఎటు పోయాయో తెలియలేదు. బీరువాను దించి, మెట్టు మీద ఒక మోకాలు ఆనించాడు. ఇంకా మోద్దామనే ఉంది అతని మనసులో. కానీ చెయ్యి అతన్ని అడగకుండానే పైకి చాచుకుంది.

జగన్ ఆ చేతిని చూశాడు. నడుముకు కట్టుకున్న నీళ్ల సీసా మీదికి అతని వేళ్లు పోబోయి ఆగాయి. అరచేతిని ప్యాంటుకు బాగా తుడుచుకున్నాడు. తరువాత చరిచాడు. ఆ చప్పుడు నాలుగంతస్తుల మెట్లు ఎక్కి పైదాకా పోయింది.

"చేంజ్" అన్నాడు జగన్, కిందికి దిగుతూ.