వంక దాటిన బంతి

భార్య అలివేలమ్మ పోయినాక వరదయ్యకు ఆదివారం గడవడం కష్టమైంది. మిగతా రోజులు కచేరీలో రాతపని ఉంటుంది. ఆదివారం గోవిందరాజస్వామి దర్శనం చేసుకుని, చేతనైనది వండుకుని తిన్నాక, మాట్లాడే మనిషి ఉండడు.

ఆ కచేరీ ఇంజనీరు దొరదీ ఇంచుమించు అదే అవస్థ. తిరుపతి బయటి బీడులో ఆయనతో గోల్ఫు ఆడే ఇంకో దొర యుద్ధానికి వెళ్ళిపోయాడు. ఒకనాడు దొర వరదయ్యను పిలిచి ఒక పాత కర్ర, నాలుగు బంతులు ఇచ్చాడు. బీడుకు అడ్డంగా ఉన్న వంకను, ఆ ఎండిన వాగును, బంతి ఒక్క దెబ్బకు దాటించిన రోజున తనకు జతగా ఆడవచ్చునన్నాడు. చూపు బంతి మీదే ఉంచాలనీ, దెబ్బ పడేదాకా తల ఎత్తరాదనీ చెప్పాడు.

దొరతో సమానంగా ఆడాలన్న ఆశ వరదయ్యకు లేదు. ఆదివారం సాయంత్రం పక్కన ఒక మనిషి నడిస్తే చాలు.

రెండు నెలలు పొద్దున్నే వెళ్ళి కొట్టాడు. ప్రతిసారీ బంతి నేలబారున దొర్లి వంకలో పడేది. దాన్ని ఏరి తెచ్చే బంట్రోతు గురప్ప నవ్వేవాడు.

"ఏం సామీ, శెనక్కాయలు ఏసేదానికి దున్నతా ఉండారా?"

"ఊరుకోబ్బా. తల ఎత్తకుండానే కొడతా ఉండాను గదా!"

"యాడ? గోవిందా అంటారు సూడండి, ఆ మాటతోనే తల కొండకల్లా లేస్తాది. కర్ర ఈడ, సూపు ఆడ. ఇంక బంతి యాడికి పోతాది?"

వరదయ్య నిలబడిపోయాడు. ఏ పనికైనా ముందు గోవిందా అని కొండవైపు చూడడం పసితనపు అలవాటు. చూస్తున్నానన్న ఎరుకే లేదు. ఒక ఆట కోసం అది మానుకోవచ్చునా? నేల చూస్తూ తలచుకుంటే స్వామికి వినపడదా? రెండు రోజులు కర్ర ముట్టలేదు. మూడోనాడు చూపు బంతి మీద నిలిపి, లోలోపల తలచుకుని కొట్టాడు.

"దాటిపోయింది సామీ!" అని గురప్ప కేకేశాడు.

ఆదివారం దొర ఎదుటా దాటింది. దొర మెచ్చుకోలుగా తల ఊపి, తన బంతి కొట్టాడు. అది ఎడమకు, తుమ్మచెట్లలోకి పోయింది. వరదయ్యది కుడికి, గడ్డిలోకి పోయింది. దొర తన బంతి వెంట నడిచాడు. వరదయ్య ఆయన వెనకే నాలుగడుగులు వేశాడు.

"మీది ఆ పక్క సామీ," అన్నాడు గురప్ప, దొర సంచీ భుజానికెత్తుకుంటూ. "ఎవురి బంతి కాడికి వాళ్ళు పోవల్ల. అదీ ఈ ఆట."

ఇన్నాళ్ళలో ఈ సంగతి వరదయ్యకు తట్టనేలేదు. వెనక్కి తిరిగి, ఒక్కడే వంక దిగి ఎక్కాడు. మోకాటిదాకా ఉన్న గడ్డిని కర్రతో పాయలు తీస్తూ వెతికాడు. బీడుకు ఆ చివర దొర చెట్ల కింద వంగి వెతుకుతున్నాడు. కాసేపటికి దొర చెయ్యెత్తాడు. రమ్మన్నాడో, బంతి దొరికిందన్నాడో అంత దూరాన తెలియలేదు.

వరదయ్య కూడా చెయ్యెత్తాడు.