ఒక నూలు లోపలికి

ఉలి చేతికివ్వకముందే నాన్న ఆమెకు ఒక నియమం నేర్పాడు. విరిగిన పాత శిల్పానికి కొత్త ముక్క అతికితే, దాన్ని పాత రాయికంటే ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, లోపలికి కూర్చోబెట్టాలి. వేలితో తడిమితే అంచు తగలాలి. వాళ్లదేదో, మనదేదో తెలియాలి. లేకపోతే అది మరమ్మతు కాదు, దొంగతనమే అనేవాడు.

శిథిల మండపంలో పిల్లనగ్రోవి ఊదే రాతిబొమ్మకు కుడిచెయ్యి అలాగే చెక్కి అతికించి, ఆ తర్వాత కన్నుమూశాడాయన. ఇప్పుడు ఆ మండపంలోని బొమ్మల బాగోగులు చూసేది ఆమే.

ఈమధ్య మండపానికి వచ్చేవాళ్లంతా గుమ్మంలోనే వర్చువల్ రియాలిటీ కళ్లజోళ్లు తగిలించుకుంటున్నారు. కూలిన కప్పు లేచి నిలబడుతుంది, స్తంభాలకు రంగులొస్తాయి, బొమ్మ పాట అందుకుంటుంది. తనూ పెట్టుకుని చూసింది. ముచ్చటేసింది కూడా, అబద్ధమెందుకు? చెయ్యి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండిపోయింది. అంచు లేదు! స్కాన్‌లో తప్పు దొర్లిందనుకుని కంప్యూటర్ మహానుభావుడెవరో దాన్ని నున్నగా చేసిపారేశాడట. పైగా చెవిలో ఒక గొంతు, వెయ్యేళ్లనాటి ఈ వేళ్ల సొగసు చూడండంటూ ఊదరగొడుతోంది.

సరిచేయించమని అడగబోతే పర్యవేక్షకుడే ఎదురొచ్చాడు.

"నీకోసమే వస్తున్నానమ్మా. కళ్లజోడు తీశాక చెయ్యి తేడాగా ఉందని జనం ఫిర్యాదు చేస్తున్నారు. ఆ అంచు కాస్త సున్నంతో పూడ్చెయ్."

"బొమ్మను చూసి ఆ కళ్లజోళ్ల ఆట తయారుచేశారు. ఇప్పుడు ఆటను చూసి బొమ్మను దిద్దాలా సార్?"

"ఒక్క నూలేగా! ఎవరు చూడొచ్చారు?"

"మా నాన్న రెండేళ్లు చెక్కాడు సార్ ఆ చెయ్యి. దానిమీద పేరైనా చెక్కుకోలేదు. ఆ అంచొక్కటే వదిలి పోయాడు."

"నువ్వు కాకపోతే ఇంకొకరు చేస్తారు. ఉద్యోగం ఉండాలా, వద్దా?"

ఆమెకు కోపం నషాళానికంటింది. నిజమే, తను కాదంటే సాయంత్రానికల్లా ఇంకెవరో సున్నం కలుపుకుని వస్తారు. నాన్న నూలుతో చెప్పిన మాట ఈ పెద్దమనుషుల చెవికెక్కలేదు. మరమ్మతు చేసిన సంవత్సరాన్ని కొత్త ముక్క మీద చెక్కే హక్కు పనివాళ్లకు ఎప్పటినుంచో ఉంది. మొహమాటస్తుడు కాబట్టి నాన్న దాన్ని వాడుకోలేదు.

ఆమె ఉలీ సుత్తీ తీసుకుని నిచ్చెనెక్కింది. నాన్న చెక్కిన మణికట్టు మీద ఆ సంవత్సరం మొదటి అంకె మొదలుపెట్టింది.

"ఏయ్, ఆపు! ఆపమంటున్నానా!"

ఠంగుమన్న దెబ్బకి పాట వింటున్న జనం ఉలిక్కిపడ్డారు. ఒక్కొక్కరే కళ్లజోళ్లు తీశారు. రెండో అంకె పూర్తయ్యేసరికి ఒకావిడ నిచ్చెన దగ్గరికొచ్చింది.

"అదేంటమ్మా, ఆ చెయ్యి పాతది కాదా?"

"కాదండీ, మా నాన్న చేసింది" అంది ఆమె, మూడో అంకెకు ఉలి ఆనిస్తూ.